పదహారు కాదు, ముప్పై

“ఏమండీ, గుడ్లప్పగించి ఏం చూస్తున్నారు?”

వాన తగ్గేదాకా చూరు కింద నిలబడదామని వచ్చిన దోజిన్ ఉలిక్కిపడ్డాడు. పాత కాగితం ఊడబీకిన కిటికీ వెనకనుంచి, చెక్క గళ్ళ మధ్యలోంచి ఓ అమ్మాయి అతణ్ణే చూస్తోంది.

“గ... గళ్ళు లెక్కపెడుతున్నానండీ.”

“ఓహో! ఎన్నున్నాయేం?”

“నాలుగు నాలుగులు పదహారు.”

“ముప్పై! చిన్నవేనా గళ్ళంటే? నాలుగు కలిస్తే ఇంకో చతురస్రం కాదూ? అలాంటివి తొమ్మిది. తొమ్మిదేసి కలిసినవి నాలుగు. మొత్తం కిటికీ ఒకటి.” ఆమె పకపకా నవ్వింది. “మీరు చూసింది గళ్ళని కాదు లెండి.”

దోజిన్ చెవులు ఎర్రబడ్డాయి.

శరదృతువు వస్తే కొరియాలోని జొంజు ఊళ్ళో, అద్దాలు లేని పాత ఇళ్ళ కిటికీలన్నిటికీ కొత్త కాగితం పడుతుంది. వీధి చివర బేకరీలో పనిచేసే దోజిన్ మర్నాడు వేడి బన్నులు పట్టుకుని వచ్చాడు. ఆ తర్వాత రోజూ వచ్చాడు. ఆ అమ్మాయి, నారే, జిగురు పూస్తే అతను కాగితం పట్టుకునేవాడు. అతికించే ముందు ఆ కిటికీలో ఎన్ని చతురస్రాలో తేలాలి. ఓడినవాళ్ళు టీ కాచాలి.

రానురాను లెక్కలు నెమ్మదించాయి. ఇద్దరి వేళ్ళూ ఒకే గడి మీద ఆగిపోయేవి.

“ఎంతవరకు వచ్చాం?”

“ఏమో. మళ్ళీ మొదట్నుంచి.”

బయట వాన తన పాటికి తాను కురుస్తూనే ఉండేది.

ఓ మధ్యాహ్నం నారే నానమ్మ టీ తెచ్చిచ్చి, “పాపం, ఎంత కష్టపడుతున్నావయ్యా! ఆదివారం సియోల్ నుంచి మా పిల్లని చూసుకోడానికి వస్తున్నారు. ఇల్లు తెల్లగా ఉండాలిగా,” అంది.

దోజిన్ నారే వైపు చూశాడు. ఆమె తల ఎత్తలేదు. అతను టీ తాగకుండానే వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

శనివారం సాయంత్రం బేకరీ తలుపు తెరుచుకుంది. జుట్టంతా తడిసిపోయి నారే.

“పెద్ద కిటికీ మిగిలిపోయింది. ఒక్కదాన్నే అతికించలేను.”

“వచ్చే పెళ్ళికొడుకుని సాయం పట్టమను.”

“నిన్ను అడుగుతున్నా.”

“ఎందుకు చెప్పలేదు నారే? ఇంకొకడి కోసం నా చేత ఇల్లంతా ముస్తాబు చేయించావా?”

“ముస్తాబా?” ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “వంటగది కిటికీ ఎన్నిసార్లు అతికించాం? పిల్లి చింపిందన్నాను. మా ఇంట్లో పిల్లే లేదు, మొద్దూ! పని అయిపోతే నువ్వు రావని నేనే చింపాను.”

దోజిన్ ఓ పొడి తువ్వాలు తెచ్చి ఆమెకిచ్చాడు.

“సియోల్‌లో ఉన్న అమ్మకి ఫోన్ చేసి ఈ సంబంధం వద్దని చెప్పేశాను. వాళ్ళు రావట్లేదు. అమ్మ ఇంకా తిడుతూనే ఉంది.”

అతను ఏప్రన్ విప్పి గొడుగు అందుకున్నాడు.

ఆరు వరసలు, ఆరు నిలువుల పెద్ద కిటికీ అది. జిగురు పూసిన కాగితాన్ని చెరో అంచూ పట్టుకుని దాని ముందు నిలబడ్డారు.

“చిన్నవి ముప్పై ఆరు,” అంది నారే.

“ఆ తర్వాతవి ఇరవై అయిదు.”

“పదహారు.”

“తొమ్మిది.”

“నాలుగు.” ఆమె గొంతు బాగా తగ్గిపోయింది.

“ఒకటి. మొత్తం తొంభై ఒకటి,” అన్నాడు దోజిన్. గట్టిగా ఊపిరి పీల్చాడు. “నువ్వంటే నాకిష్టం నారే. ఈ మాట చెప్పడం చేతగాక ఇన్నాళ్ళూ లెక్కలు చెప్పాను.”

నారే కాగితం వదిలేసి అతని చేయి పట్టుకుంది. కాగితం జారి కిటికీకి అడ్డదిడ్డంగా అతుక్కుపోయింది.

నానమ్మ వంటగదిలోంచి వచ్చి కిటికీని చూసింది, వాళ్ళ చేతుల్ని చూసింది.

“వంకరగా ఉంది.”

“మళ్ళీ వేస్తాం బామ్మగారూ,” దోజిన్ కంగారుపడ్డాడు.

“ఉండనీ. రేపు మా కోడలు నిప్పులు కక్కుకుంటూ దిగుతోంది. నువ్వు పొద్దున్నే తల దువ్వుకుని రా నాయనా. పిల్లవాణ్ణి ఆవిడకి నేనే చూపిస్తాను.”