విష్ అన్నాడు, హోప్ అనలేదు

మహబూబాబాద్‌లో విత్తనాల దుకాణం పైనున్న కోచింగ్ సెంటర్‌కు లక్ష్మణ్ మొదటి రోజే ఇరవై నిమిషాలు ఆలస్యంగా వచ్చాడు. ప్యాంటు అంచులకు పేడ అంటి ఉంది. వెనక బెంచీలో కూర్చుని నోట్‌బుక్ తీసేలోగా ఇంగ్లిష్ చెప్పే నవ్య అతన్ని లేపింది.

సీ, లుక్, వాచ్. మూడింటికీ తెలుగులో చూడటమనే అంటాం కదా, మరి తేడా ఏమిటని అడిగింది. తెలియదంటాడని, ఆలస్యంగా వచ్చినందుకు ఆ మాత్రం శిక్ష చాలని ఆమె లెక్క.

లక్ష్మణ్ కాసేపు ఆలోచించాడు.

"నేను నెల్లికుదురు పశువుల దవాఖానల పని చేస్త మేడం. పొద్దుగాల పోంగనే బర్రెకు నేను కనబడుత. గది సీ. సూది తీస్తె నా చెయ్యి దిక్కు మొకం తిప్పుతది. గది లుక్. ఇగ ఆడికెంచి నేను ఎటు పోతె అటు, రెప్ప కొట్టకుంట కనిపెడ్తనే ఉంటది. గది వాచ్."

క్లాసంతా నవ్వింది. తనను ఆటపట్టిస్తున్నాడనుకుంది నవ్య. కూర్చోమని ముక్తసరిగా చెప్పి బోర్డు వైపు తిరిగింది. ఆ మూడు మాటలను అంత తేటగా తాను కూడా ఏనాడూ చెప్పలేదని హాస్టల్‌కు పోయి అన్నం తింటున్నప్పుడు తట్టింది. మరుసటి ఆదివారం ఇంకో బ్యాచ్‌కు అదే బర్రె ఉదాహరణతో పాఠం చెప్పింది.

ఆ సంగతి లక్ష్మణ్ చెవిన పడింది. మెట్ల దగ్గర ఆమెను ఆపాడు.

"అడిగి తీస్కపోతె బారో అని మీరే చెప్పిన్రు. నా బర్రెను అడగకుంట తీస్కపోయిన్రు గద మేడం, దాన్నేమంటరు?"

నవ్యకు నవ్వు ఆగలేదు. వాళ్లిద్దరి మధ్య మాటలు అక్కడ మొదలయ్యాయి.

ఇద్దరివీ తండాలే. అతనిది గార్ల వైపు, ఆమెది ఘనపూర్ దగ్గర. ఇద్దరూ ఇళ్లలో లంబాడీ మాట్లాడతారు, బయట తెలుగు, పరీక్షల కోసం ఇంగ్లిష్. నవ్య టీచర్ ఉద్యోగానికి పరీక్ష రాసి, ఫలితం వచ్చేదాకా ఈ సెంటర్‌లో పాఠాలు చెబుతోంది. లక్ష్మణ్ ఇంకా పెద్ద ఉద్యోగానికి పరీక్ష రాయాలని సెలవు దొరికినప్పుడల్లా వస్తాడు.

రోజూ ఫోన్‌లో ఒక మాటల జంట పంపేవాడు. ఆమె జవాబు రాసేది. వెయిట్‌కూ ఎక్స్‌పెక్ట్‌కూ తేడా ఏమిటని అడిగిన రోజున, బస్సు కోసం నిలబడితే వెయిట్, తప్పకుండా వస్తదనుకుంటే ఎక్స్‌పెక్ట్ అని రాసింది. సాయంత్రం బస్టాండ్‌లో ఎదురుపడి, తాను ఇక్కడ వెయిట్ చేయడం లేదని, ఎక్స్‌పెక్ట్ చేస్తున్నానని చెప్పాడు. ఆమె చెవులు ఎర్రబడ్డాయి. చాయ్ తాగి ఎవరి దారిన వాళ్లు పోయారు.

జులైలో ఒక ఆదివారం అతను రాలేదు. ఏదో ఊళ్లో ఈనలేక బర్రె కష్టపడుతుంటే పొద్దున్నే పోయాడు. మధ్యాహ్నం దూడ ఫొటో పంపాడు. ఆ రోజు నవ్య చెప్పిన పాఠం విష్‌కూ హోప్‌కూ తేడా. జరగొచ్చనే నమ్మకంతో కోరుకుంటే హోప్. ఐ విష్ ఐ కుడ్ అన్నామంటే మాత్రం, అది కుదరదని తెలిసీ మనసులో అనుకోవడం. ఈ రెండింటినీ కలపొద్దని ఆమె క్లాసుకు గట్టిగా చెప్పింది.

నెల తిరగకముందే ఫలితాలొచ్చాయి. నవ్యకు ఘనపూర్ మండలంలోనే ఒక హైస్కూల్లో పోస్టింగ్ వచ్చింది. బయలుదేరే రోజు వాన. లక్ష్మణ్ ఆమె సంచి మోసి బస్సులో పెట్టాడు. కిటికీ దగ్గర నిలబడి, అక్కడ పశువులు బాగుంటాయా అని అడిగాడు. బాగుంటాయంది. ఇద్దరూ అడగాలనుకున్నది అది కాదు.

బస్సు హనుమకొండ చేరేసరికి మెసేజ్ వచ్చింది. ఐ విష్ ఐ కుడ్ మ్యారీ యూ.

నవ్య దాన్ని నాలుగుసార్లు చదివింది. ఐ హోప్ అనలేదు. ఐ వాంట్ అనలేదు. చేసుకోవాలని ఉంది గాని కుదరదంటున్నాడు. వాళ్ల వదిన తన చెల్లెలి సంబంధం కలపాలని చూస్తోందని ఒకసారి మాటల్లో చెప్పాడు. అదే ఖాయమై ఉంటుంది. అతన్ని ఇబ్బంది పెట్టడం ఇష్టం లేక ఐ అండర్‌స్టాండ్ అని పంపింది.

ఆ తర్వాత మాటల జంటలు ఆగిపోయాయి. ఆమె కూడా పంపలేదు.

రెండు నెలలు గడిచాయి. తండాలో తండ్రి మాన్‌సింగ్ దగ్గరికి జనగామ నుంచి నవ్యకు ఒక సంబంధం వచ్చింది. మంచి కుటుంబం, అబ్బాయికి ఉద్యోగం ఉంది. సోమవారం చూడటానికి వస్తామన్నారు. ఏమంటావని తండ్రి అడిగితే నీ ఇష్టం బాపు అంది. తల్లి రుక్కి మాత్రం ఆమె ముఖం వైపు పరీక్షగా చూసింది.

శుక్రవారం స్కూల్లో అన్నం డబ్బా మూత కూడా తీయకుండా కూర్చున్న నవ్యను ఏమైందని రషీదా బేగం అడిగింది. ఆమె అక్కడ ఇరవై ఏళ్లుగా సోషల్ చెబుతున్న టీచర్, అందరూ అక్క అన్నట్టు ఆపా అని పిలుస్తారు. నవ్య అంతా చెప్పి మెసేజ్ చూపించింది. విష్‌కు అర్థం కూడా వివరించింది. రషీదా ఓపిగ్గా విన్నది.

"నువ్వు చెప్పింది సహీ. నువ్వు టీచర్‌వి. రాసిన పిలగానికి గింత తెలుసా?"

తెలుసని నవ్య అనబోయింది. ఆ పాఠం తానే చెప్పింది. ఎవరికి చెప్పానని గుర్తు చేసుకుంటూ ఫోన్‌లో వెనక్కి పోయింది. ఆ ఆదివారం దగ్గర దూడ ఫొటో ఉంది. పాఠం జరుగుతున్నప్పుడు అతను క్లాసులోనే లేడు.

శనివారం సెలవు పెట్టి, హనుమకొండలో బస్సు మారి, నెల్లికుదురులో దిగేసరికి పదకొండయింది. పశువుల దవాఖాన ముందు రేకుల కింద లక్ష్మణ్ ఒక మేక కాలికి కట్టు కడుతున్నాడు. ఆమెను చూసి చేయి ఆగింది. మేకను తెచ్చిన ముసలామె, ముందు కట్టు కట్టమని గుర్తుచేసింది. అతను కట్టాడు. ఆమె మేకను తోలుకుని పోయేదాకా నవ్య తడిసిన గొడుగు పట్టుకుని నిలబడే ఉంది.

"నువ్వు పంపిన మెసేజ్ అర్థమేందో తెలుగుల చెప్పు," అంది.

"అప్పుడే చెప్పిన గద."

"తెలుగుల చెప్పు."

అతను చేతులు కడుక్కున్నాడు, తుడుచుకున్నాడు. "నిన్ను చేసుకోవాలని ఉంది, నీకు ఇష్టమైతె. గంతే. ఇంగ్లిష్‌ల అడిగితె జర ఇజ్జతుగ, మర్యాదగ ఉంటదనుకున్న."

"నువ్వు రాసింది, చేసుకోవాలని ఉంది గని అయ్యేది కాదని."

తాను రాసినదానికి ఆ అర్థం ఉందని లక్ష్మణ్‌కు అప్పుడే తెలిసింది. ఆమె పంపిన ఐ అండర్‌స్టాండ్‌ను, నీ మనసు అర్థమైంది గాని నేను ఒప్పుకోను అన్నట్టు తీసుకున్నానని చెప్పాడు. అండర్‌స్టాండ్ అంటే అర్థం కావడమే, ఒప్పుకోవడం కాదని ఆమె చెప్పిన క్లాసుకైతే అతను వచ్చాడట. వదిన చెల్లెలి సంబంధం వద్దని ఇంట్లో ఎప్పుడో చెప్పేశాడట.

"రెండు నెల్లల ఒక్కసారన్న ఫోన్ చెయ్యకపోతివి."

"వద్దన్నదాన్ని మళ్ల అడిగి పరేషాన్ చేస్తనా?"

నవ్యకు కోపం వచ్చింది, దాని వెంటే ఏడుపు వచ్చింది. ముఖం తుడుచుకుని, సోమవారం జనగామ నుంచి వాళ్లు వస్తున్నారని చెప్పింది. లక్ష్మణ్ ఎక్కువ ఆలోచించలేదు. "ఇయ్యాల్నే మీ బాపు దగ్గరికి పోదాం," అన్నాడు.

తండాకు చేరేసరికి సాయంత్రం నాలుగు. మాన్‌సింగ్ పత్తి చేను నుంచి అప్పుడే వచ్చాడు. లక్ష్మణ్ తమ భాషలోనే తన పేరు, తండ్రి పేరు, తండా పేరు చెప్పి, వచ్చిన పని చెప్పాడు. తడబడలేదు. మాన్‌సింగ్ అతన్ని కాక కూతుర్ని చూశాడు.

"మొన్న అడిగితె నా ఇష్టమంటివి?"

"అప్పుడు ఇతను లేడు బాపు."

రుక్కి లోపలికి పోయి లక్ష్మణ్‌కు నీళ్లు తెచ్చి ఇచ్చింది. జనగామ వాళ్లకు రమ్మని మాటిచ్చానని మాన్‌సింగ్ అన్నాడు. ఫోన్‌లో వద్దంటే వాళ్లను చిన్నచూపు చూసినట్టవుతుందని, తానే పోయి చెబుతానని లేచాడు.

ఆదివారం పొద్దున తొలి బస్సుకు పోయి, చీకటి పడకముందే తిరిగొచ్చాడు. నవ్య గడపలోనే కూర్చుని ఉంది. వాళ్లు ఏమన్నారని అడిగింది. ముందు బాధపడ్డారని, చూపులు కాకముందే ఇంటికొచ్చి చెప్పినందుకు మంచిదన్నారని, అన్నం తినకుండా పోనివ్వలేదని చెప్పాడు. చెప్పులు విప్పి, కాళ్లు కడుక్కుని, కూతురి పక్కనే కూర్చున్నాడు.

"వాండ్ల అమ్మానాయినలను తోల్కొని రమ్మను. బుధవారం అయితె నేను ఇంట్లనే ఉంట."

నవ్య అక్కడే కూర్చుని ఫోన్ చేసింది. బుధవారం మా ఇంటికి రావాలని తమ ఇళ్ల భాషలో చెప్పింది. అవతల లక్ష్మణ్ ఒక్క క్షణం ఆగి, తల్లిని కేకేసి పిలిచి, ఆ మాట ఆమెతోనే చెప్పమని ఫోన్ ఇచ్చాడు.