చార్జీ తగ్గేదాకా

"మళ్ళీ ఆపావా?" అంది సియోక్ లిన్.

"ఇంజన్ వేడెక్కింది. కాస్త చల్లబడనీ," అంటూ కెంగ్ బూన్ కారును రోడ్డు వారకు తీశాడు.

సాయంత్రమైతే సింగపూర్‌లో ఇంజన్లన్నీ సరిగ్గా, రద్దీ వేళ కార్ల నుంచి చార్జీ వసూలు చేసే కమాను ముందే వేడెక్కుతాయి. అప్పటికే వీళ్ళ ముందు బోలెడు కార్లు చల్లబడుతున్నాయి. కాసేపు ఆగితే చార్జీ ఒక డాలరు తగ్గుతుంది మరి. రోడ్డు మధ్య రద్దీ తగ్గించడానికి పెట్టిన ఏర్పాటు, రోడ్డు వార రద్దీని చక్కగా పెంచి పోషిస్తోంది.

"ఇవాళ మా నాన్న నిన్ను మొదటిసారి చూస్తారు, బూన్. భోజనానికి ఆలస్యంగా వచ్చేవాడికి పిల్లనివ్వనని తేల్చి చెప్పారు."

"ఇంకొంచెం సేపేగా, లిన్!"

"సరే, నువ్వు కూర్చో. నా ఖరీదు డాలరు కన్నా తక్కువని ఇవాళే తెలిసింది. నేను నడిచిపోతా."

తలుపు తీసింది. వాన ఆమె మొహాన కొట్టింది. అయినా ఒక కాలు బయట పెట్టింది.

కెంగ్ బూన్ కమానుకేసి చూశాడు. తడిసిన ఆమె మొహంకేసి చూశాడు.

"తలుపు వెయ్యి," అన్నాడు.

కారు కమాను కిందికి వెళ్ళింది. చార్జీ కోసుకుని కారులోని యంత్రం కీచుమంది. సూది గుచ్చినట్టు అతని మొహం ముడుచుకుంది.

"ఇంతకన్నా గట్టిగా ప్రేమిస్తున్నానని చెప్పడం నాకు రాదు, లిన్."

ఆమె అద్దం మీద లేని ఆవిరిని శ్రద్ధగా తుడిచింది, నవ్వు కనబడకుండా.

హోటల్లో బల్ల దగ్గర ఎవరూ లేరు. చేప ఇప్పుడే వండొద్దని లిన్ వంటవాళ్ళకి రెండుసార్లు చెప్పి వచ్చింది. చాలాసేపటికి గొడుగు దులుపుకుంటూ తండ్రి వచ్చాడు, వెనకాలే తల్లి.

"ఇంజన్ వేడెక్కింది," అన్నాడాయన.

లిన్ పెదవి కొరుక్కుంది.

ఆయన కెంగ్ బూన్‌ను ఎగాదిగా చూశాడు. "నువ్వెలా వచ్చావు ఇంత తొందరగా?"

"ఆగకుండా వచ్చేశాను, అంకుల్."

"పూర్తి చార్జీ కట్టావా?" ఆయన కుర్చీలో కూలబడ్డాడు. "ఇంత దుబారా మనిషికా నా కూతుర్నిచ్చేది?"

"ఇతనికే," అంది తల్లి, తడిసిన చెప్పులు విడుస్తూ. "ముప్ఫై ఏళ్ళుగా మీ పక్కన రోడ్డు వార కూర్చున్నాను. నా కూతురైనా వేళకి అన్నం తిననీ."

చేప పొగలు కక్కుతూ వచ్చింది. తండ్రి గొణుక్కుంటూనే, చేప చెంప దగ్గరి మెత్తటి ముక్క తీసి అల్లుడి గిన్నెలో వేశాడు.