గరిట అందుకున్న దెబ్బ

“ఆ పరుపు కూడా తీసుకురండి,” అంది రికార్డింగ్ అమ్మాయి, గది మూలమూలలా చప్పట్లు కొట్టి చూశాక.

“మరి నేను పడుకునేది?”

“ఇవాళ్టికి నేల మీద. చిన్న గది కదా, మీరొకటి వాయిస్తే గోడలు నాలుగు వాయిస్తాయి. ముందు వాటి నోరు మూయించాలి.”

వీధి వీధంతా దడదడ అని పిలుచుకునే ఆ డ్రమ్మర్, కిక్కురుమనకుండా పరుపు మోసుకొచ్చాడు. ఆమె దాన్ని గోడకు నిలబెట్టింది. బీరువాలోని దుప్పట్లన్నీ తలుపుల మీదికి ఎక్కించింది. తర్వాత ఒక దారం తీసి, కొస అతని చేతికిచ్చి, ఎదురుగా ఉన్న చిన్న డ్రమ్ము నడిమధ్యన పట్టుకోమంది. పైనున్న రెండు మైకులూ అక్కడి నుంచి సమాన దూరంలో ఉండాలట. ఆమె రెండో కొస పట్టుకుని అటూ ఇటూ తిరుగుతుంటే, ఇతను ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. ప్రేమలో పడిపోవడానికి పాపం అంతకన్నా ఎక్కువ టైమ్ పట్టలేదు.

ఒక గాయకుడి బృందానికి పంపడానికి ఒక్క పాట రికార్డు చేస్తే చాలు. బాగా వాయిస్తే ఆ పూటతో పని అయిపోతుంది, ఈ అమ్మాయి వైర్లు చుట్టుకుని వెళ్ళిపోతుంది. పాట చివరి హోరులో సింబల్ అనే ఇత్తడి పళ్ళెం నెత్తిన ఠింగుమని ఒక్క దెబ్బ ఉంది. దాన్ని అతను మింగేశాడు.

“చివర్లో ఆ ఠింగ్ వినిపించలేదు,” అంది ఆమె, హాల్లో హెడ్‌ఫోన్స్ తీసి.

“కొట్టానండీ. గది మోతలో మునిగిపోయిందేమో,” అన్నాడు, మహా తెలివిగా. “వచ్చే ఆదివారం చూద్దామా?”

వచ్చే ఆదివారమూ అంతే. ఆ పై ఆదివారమూ అంతే. మైకులు జరిగాయి, దుప్పట్లు మారాయి, టీలు చల్లారిపోయేంత కబుర్లు సాగాయి. పాట మాత్రం తెమల్లేదు. దడదడ ఈల వేసుకుంటూ తిరిగాడు.

నాలుగో ఆదివారం ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

“మా స్టూడియో సార్‌ని పంపిస్తాను. నేను సొంతంగా ఒప్పుకున్న మొదటి పని ఇది. ఒక్క దెబ్బ పట్టలేనిదాన్ని, అక్కడే వైర్లు చుట్టుకుంటూ ఉంటే నయం.”

 అతను నిజం చెప్పేద్దామని నోరు తెరిచాడు. ఈలోగా ఆమె, అప్పుడే వాయించింది ఆఖరిసారి వింటూ చటుక్కున ఆగింది.

“ఇదేంటి? సరిగ్గా ఆ చోటే, ఎక్కడో దూరంగా... ఇది సింబల్ కాదే.”

“అది నేనే అమ్మాయ్,” అంటూ వంటింట్లోంచి దడదడ వాళ్ళమ్మ గరిటతో సహా వచ్చింది. “వీడు రోజూ అక్కడ ఠింగుమనిపిస్తాడు. నాకు అలవాటైపోయింది. నువ్వొచ్చినప్పుడే ఎందుకో వదిలేస్తున్నాడు. వెలితిగా ఉంటే ఇవాళ నేనే గిన్నె మూత మీద ఒకటేశాను.”

చెప్పి ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది. అమ్మాయి అతని వైపు తిరిగింది.

“నేనొచ్చినప్పుడే.”

“ఒక్కసారి కూడా కొట్టలేదండీ,” అన్నాడు తల దించుకుని. “కొడితే మీరింక రారని.”

“నా చెవులు పనికిరావేమోనని నేను అన్నం కూడా మానేశాను, తెలుసా?”

“మీ పనిలో ఏ లోపమూ లేదు. ఉన్న లోపమంతా నేనే. మీరంటే ఇష్టం, దానికి మీరు ఏడవాల్సి వస్తుందనుకోలేదు.”

 ఆమె గది వైపు చెయ్యి చూపించింది. “వెళ్ళి వాయించండి.”

వాయించాడు. ఇంక ఆదివారాలు లేవని తెలిసే వాయించాడు. చివరి హోరులో ఆ దెబ్బ కడిగిన గ్లాసులా ఠింగుమంది. ఆమె మొదటి నుంచి చివరి దాకా మళ్ళీ విన్నది. ఎర్రబడిన ఆ మొహం మెల్లగా విచ్చుకుంది. అది తన పనే, గది తన మాట విన్నది.

వైర్లన్నీ చుట్టి, సంచీ భుజాన వేసుకుని, గుమ్మం దగ్గర ఆగింది.

“మీ మీద కోపం ఇంకా పోలేదు. వచ్చే ఆదివారానికి పోవచ్చు. ఈసారి పనేమీ లేదు మరి, రమ్మంటారా?”

 దడదడ తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

వంటింట్లో మూత మీద గరిట ఠంగుమని ఒక్కసారి మోగింది.