మసి, ఉతకని చొక్కా

"పిల్లి దుప్పటి ఉతికేశారా?"

మా ఆవిడ అలా అడిగేసరికి నేనింకా గర్వంగా నవ్వుతున్నాను. "రెండుసార్లు! ఎలా మెరిసిపోతోందో చూడు."

"అయ్యో, లాండ్రీ బాబుగారూ! ఈ ఇంట్లో దానికి తెలిసిన వాసన అదొక్కటే. అదీ వదలగొట్టేశారు!"

నా నవ్వు అక్కడే ఆగిపోయింది.

మాకు పెళ్లయి నెల. నాది లాండ్రీ షాపు. మరక కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. ఆమె పిల్లల పళ్ల డాక్టరు. పిల్లిని పెంచుకోవాలని తనకు చిన్నప్పటి నుంచీ ఆశ. అందుకే నిన్న దిక్కులేని జంతువుల్ని సాకే షెల్టర్ నుంచి ఒక నల్లపిల్లిని తెచ్చుకున్నాం. నన్ను ఏడిపించడానికే దానికి మసి అని పేరు పెట్టింది. పాత దుప్పటితో వచ్చిన మసి, వస్తూనే మంచం కిందికి దూరింది. తిండి ముట్టలేదు.

షెల్టర్ మేడమ్ ఫోన్‌లో తేల్చి చెప్పింది. "ఎల్లుండి పొద్దుటికి కూడా తినకపోతే తీసుకొచ్చేయండి. ఇక్కడైనా తింటుంది."

మా ఆవిడ మొహం చూడలేకపోయాను. తిడితే బాగుండుననిపించింది. తిట్టలేదు. మంచానికి వీపు పెట్టి నేలమీద కూర్చుంది.

"మసీ, ఇప్పుడు గిన్నె పెడతాను. టంగుమంటుంది. తర్వాత నేను వెళ్లిపోతాను."

గిన్నె టంగుమంది. చెప్పినట్టే లేచి వచ్చేసింది.

"పిల్లికి ఇవన్నీ అర్థమవుతాయా?"

"క్లినిక్‌లోనూ ఇంతేనండీ. ఏం చేయబోతున్నానో ముందే చెప్తాను. వద్దనుకుంటే చెయ్యెత్తమంటాను. ఎత్తితే ఆపేస్తాను. ఆ నమ్మకం కుదిరితే నోరు వాళ్లే తెరుస్తారు."

"మరి ఇది చెయ్యెత్తదుగా?"

"చెవులు వెనక్కి వాల్చిందంటే ఎత్తినట్టే."

ఇంత ఓపిక ఈ చిన్న మనిషిలో ఎక్కడ పట్టిందా అని నోరు వెళ్లబెట్టి చూస్తుండిపోయాను.

"మీ చొక్కా ఒకటి కావాలి. ఉతకనిది," అంది.

"మనింట్లో అలాంటిది ఉండదు."

"అయితే తయారు చేయండి."

రెండు రోజులు ఒకే చొక్కా! షాపులో ఇస్త్రీ మాస్టారు ముక్కు మూసుకుని, "ఏం బాబూ, కొత్త పెళ్లికొడుకువి, నీ బట్టలుతికేవాళ్లే కరువయ్యారా?" అన్నాడు. రెండో రోజు సాయంత్రం ఆ చొక్కాని మంచం కింద పరిచాను.

మూడో రోజు పొద్దున, కిటికీ మీద వాన చప్పుడుకి మెలకువ వచ్చింది. మంచం కింద ఇంకేదో చప్పుడు. చప్... చప్...

గుమ్మం దగ్గర నేలమీద మా ఆవిడ. కళ్లనిండా నీళ్లు, పెదవుల మీద వేలు. నేను మెల్లగా వంగి చూశాను. ముందుకాళ్లు రెండూ నా చొక్కామీద ఆనించి, మసి గిన్నె నాకేస్తోంది!

గిన్నె ఖాళీ చేసి, ఒళ్లు విరుచుకుని బయటికొచ్చి, ఆమె మోకాలికి తల రుద్దింది. ఆమె కదల్లేదు. ఊపిరైనా తీసిందో లేదో.

ఆ క్షణంలో ఆమె ఎంత బాగుందో! నెల్లాళ్లుగా నా గొంతులో ఒక మాట ఇరుక్కుని ఉంది. చెబుదామనుకున్న ప్రతిసారీ సబ్బుల గురించి మాట్లాడి తప్పించుకున్నాను.

వెళ్లి పక్కన కూర్చున్నాను.

"డాక్టరమ్మా, ఇప్పుడు నీకో మాట చెప్తాను. గొంతు కాస్త వణుకుతుంది. వద్దనుకుంటే చెయ్యెత్తు."

ఆమె నావైపు చూసింది. బుగ్గలు ఎర్రబడ్డాయి. రెండు చేతులూ గబగబా తొడల కింద పెట్టుకుని, వాటిమీద గట్టిగా కూర్చుంది.

చెప్పేశాను.

మసి కూడా చెవులు వాల్చలేదు.