చేతులెక్కడ?

ఊరు కాని ఊళ్లో పిల్లల్ని పెంచుతున్నదాన్ని. నాకు అనుమానాలెక్కువ. పొయ్యి ఆపానా లేదా అని పడుకున్నదాన్ని లేచి మళ్లీ చూస్తాను. "గాలి పీల్చే ముందు గాలికి జ్వరముందేమోనని చూసే రకం మా చెల్లి" అంటాడు అన్నయ్య. అలాంటిదాన్ని, తోడబుట్టినవాడి మాటను మాత్రం ఒక్కసారి కూడా తరచి చూడలేదు.

"నా పిండిమర పైన వాటా ఖాళీగా ఉంది, పిల్లల్ని తీసుకుని వచ్చెయ్" అన్నాడు. తన భార్యనూ కూతుర్నీ అప్పటికే వేరే వీధికి మార్చేశాడు. ఎందుకని అడగలేదు నేను.

పాత కట్టడం. పిండి పట్టి గుడ్డివైపోయిన కిటికీలు. ఎప్పుడూ వేడివేడి పిండి వాసన. మర కింద గొయ్యి, అందులో బెల్టులు. మీట వేసే ముందు పైనుంచి "చేతులెక్కడ?" అని అరవాలి. గోతిలో ఉన్నవాడు "పైన!" అనాలి. ఆ తర్వాతే మీట.

మొదటి యజమాని కాలంలో అలాగే అరిచారట. "పైన!" అని జవాబొచ్చిందట. మీట వేశారు. కింద బెల్టుకు పట్టిన పిండి గీకుతున్న మనిషికి రెండు చేతులూ పోయాయి. ప్రాణం పోయేదాకా అతను ఒకటే మాట అన్నాడట... "నేను అనలేదు."

ఈ కథ చెప్పింది అన్నయ్యే. సగమే చెప్పాడు.

ఒక ముసురు సాయంత్రం టీ గ్లాసుతో మెట్లు దిగుతున్నాను. వెనకాల మా అమ్మాయి, నా జడ కొస పట్టుకుని. మర దగ్గర అన్నయ్య ఒక్కడే. గోతిలో ఎవరూ లేరు. అలవాటు కొద్దీ అరిచాడు.

"చేతులెక్కడ?"

గోతి చీకట్లోంచి...

"పైన, మామయ్యా!"

మా అమ్మాయి గొంతు. అదే ముద్దు. అదే సాగదీత.

వెనకనుంచి నా జడ లాగింది పాప. "అమ్మా..." గుసగుసగా అంది. "నేను అనలేదు."

అన్నయ్య వైపు చూశాను. ఆ మొహంలో భయం లేదు. నెత్తిన బరువు దింపుకున్నవాడిలా ఉన్నాడు.

"నీకు తెలుసా అన్నయ్యా?"

తలొంచుకున్నాడు. "ఇన్నాళ్లూ మా పిల్ల గొంతుతో పలికిందే. ఇల్లు మారినా మానలేదు. మీరొచ్చాకే గొంతు మార్చింది..."

"నా పిల్లల్ని ఎర వేశావా?"

"నువ్వు జాగ్రత్త మనిషివి కదే... నువ్వైతే కాపాడుకుంటావనుకున్నా."

గ్లాసు మెట్టు మీదే వదిలేశాను. పైన పడుకున్న బాబును చంకనేసుకుని, పాప చెయ్యి పట్టుకుని, కట్టుబట్టలతో వచ్చేశాను.

ఇప్పుడు మేముండే చోట మర లేదు. అయినా మిక్సీ వేసే ముందు "చేతులెక్కడ?" అంటాను. పిల్లలిద్దరూ చేతులెత్తి "పైన!" అని అరుస్తారు. వాళ్లకది ఆట. నాకు కాదు.

నిన్న ఇంకొకరు కూడా అరిచారు.

పొయ్యి వెనకనుంచి, సన్నగా...

"పైన, అత్తా!"

నన్ను అత్తా అని పిలిచేది లోకంలో ఒక్కతే, అన్నయ్య కూతురు. అన్నయ్యకు ఫోన్ చేశాను. ఎవరో ఎత్తారు. మాట్లాడలేదు.

అవతల మర తిరుగుతోంది.