వైరు పీకితే పోయే శబ్దం

"ఎర్ర గీత కిందికి రావాలి," అన్నాడు హెన్నింగ్. ఎవరూ అడగకపోయినా చెప్పాడు.

నాయ్‌కోల్న్ పేటలో డెట్లెఫ్ గారి వర్క్‌షాప్. ఆదివారం మధ్యాహ్నం. బయట వాన, లోపల సాల్డరింగ్ పొగ, కాఫీ, ప్లమ్ కేకు. బెర్లిన్‌లో మాడ్యులర్ సింథసైజర్ల పిచ్చి పట్టిన మాలాంటి వాళ్లం చాలామంది ఆదివారం అక్కడే చేరతాం. ఈ పిచ్చి అంటని అదృష్టవంతుల కోసం ఒక్క మాట. మామూలు సింథసైజర్ కొనుక్కుంటే ఆ సాయంత్రమే వాయించుకోవచ్చు. ఇది అలా కాదు. శబ్దం పుట్టించేది ఒక డబ్బీ, దాన్ని పలచన చేసే ఫిల్టర్ ఒకటి, తాళం నడిపేది ఇంకొకటి. అన్నీ విడివిడిగా ఏరుకుని, పెట్టెలో బిగించుకుని, మధ్యలో వైర్లు వేసుకోవాలి. అప్పుడది "బూఁ" అంటుంది. మేం కళ్లు మూసుకుని ఆహా అంటాం.

ఈ జనంలో హెన్నింగ్ పెద్దమనిషి. పగలంతా ల్యాబులో కట్టుడు పళ్లు చేస్తాడు, సాయంత్రం ఇంట్లో యంత్రం చేస్తాడు. గోడంత యంత్రం. డబ్బీల ముఖాలు పీకేసి అన్నిటికీ నల్ల రేకులు వేశాడు. నాబ్‌లు తనే పోత పోసుకున్నాడు. పాట మాత్రం ఒక్కటీ కట్టలేదు. యంత్రం ఇంకా రెడీ కాలేదట.

ఎదురుగా కూర్చున్న స్వెన్యా ఆ రోజే కొత్తగా వచ్చింది. ట్రామ్ డ్రైవరు. వంటింట్లో చెంచాలు పెట్టుకునే చెక్క డ్రాయరు లాక్కొచ్చి అందులో డబ్బీలు బిగించుకుంది. అది చూడగానే హెన్నింగ్ మొహం ముడుచుకుపోయింది.

"కరెంటు వైరు తిరగేసి, దాని మీది ఎర్ర గీత పైకి వచ్చేలా పెడితే డబ్బీ కాలిపోతుంది. కొత్తవాళ్లంతా చేసే తప్పే ఇది. చూడు, ఇలా పెట్టాలి," అని తన డబ్బీకి వైరు తగిలించి స్విచ్ వేశాడు.

టప్‌మంది. సన్నగా పొగ లేచింది.

స్వెన్యా వంగి చూసింది. "ఎర్ర గీత పైకి ఉంది."

"ఇక్కడ వెలుతురు సరిగ్గా లేదు."

"అవును పాపం. రేపు ఎర్ర సిగ్నల్ దాటేసి నేనూ ఇదే చెప్తాను. ఒప్పుకుంటారేమో."

"కేకు తిను హెన్నింగ్," అన్నాడు డెట్లెఫ్. "దాన్ని ఎటు తిప్పి పెట్టినా కాలదు."

అంత అవమానం జరిగితే మనిషి మళ్లీ రాకూడదు. హెన్నింగ్ ఆ మరుసటి ఆదివారం అందరికన్నా ముందొచ్చి ఆమె పక్క కుర్చీ పట్టుకున్నాడు. అక్కడ వెలుతురు బాగుంటుందట.

ఒకరోజు స్వెన్యా అడిగేసింది. "నీ గోడ ఏమన్నా వాయిస్తుందా, ఊరికే చూసుకోడానికా?"

హెన్నింగ్‌కు రోషం వచ్చింది. ఇంటికి తీసుకెళ్లాడు. తలుపు దగ్గరే బూట్లు విప్పించి, దూరంగా స్టూలు వేసి కూర్చోబెట్టాడు.

"దగ్గరికి రాకు. దేనికీ తగలకు."

"ఊపిరి పీల్చుకోవచ్చా?"

"మెల్లగా."

సౌండు పెంచాడు. ఇప్పటిదాకా ఎగతాళి చేశాను గానీ, ఒట్టు, ఆ శబ్దం బాగుంది. పక్కగదిలో ఎవరో నిద్రలో మాట్లాడుతున్నట్టు ఉంటుంది, దాని పైన సన్నగా గంటలు. ఒకసారి వచ్చిన వరస మళ్లీ రాదు. గంటలు ఆగిపోయే చోట స్వెన్యా నిజంగానే ఊపిరి బిగబట్టింది.

"ఎలా చేశావు?"

"తెలీదు. చలికాలంలో ఏదో తిప్పుతుంటే దానంతటదే వచ్చింది. అప్పట్నుంచి ఒక్క వైరు ముట్టుకోలేదు. స్విచ్ కూడా ఆపలేదు. వైర్లు లాగుతుందని పిల్లిని మా అక్కకు ఇచ్చేశాను."

"రికార్డు చేశావా?"

"కొత్త ఫిల్టర్ రావాలి. వచ్చాక చేస్తా."

ఈ యంత్రాల్లో దాచుకునే బటన్ ఉండదు. వైరు పీకితే ఆ శబ్దం పోయినట్టే. మళ్లీ అవే వైర్లు అక్కడే పెట్టినా అచ్చం అదే రాదు.

"అంటే నువ్వు దీనికి వాచ్‌మన్‌వి," అంది స్వెన్యా.

అతనికి నవ్వు రాలేదు. కానీ ఆమె మళ్లీ మళ్లీ వచ్చింది. ఆ శబ్దం వింటున్నప్పుడు హెన్నింగ్ మొహంలో బడాయి అంతా కరిగిపోయి లోపలి మనిషి బయటికొచ్చేవాడు. ఆ మనిషి ఆమెకు చాలా నచ్చాడు. చెప్తే మళ్లీ బడాయి మొదలవుతుందని చెప్పలేదు.

సెప్టెంబరులో ఒక ఆదివారం డెట్లెఫ్ గారి వర్క్‌షాప్‌లోనే చిన్న కచేరీ పెట్టుకున్నాం. అందరూ వాయించాలి. స్వెన్యాకు అదే మొదటిసారి. డిపోలో తోటి డ్రైవర్లు డ్యూటీలు మార్చుకుని మరీ వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. తీరా చూస్తే ఆమె డ్రాయరులో తాళం నడిపే డబ్బీ చచ్చిపోయింది. అది లేకపోతే మిగతావి ఎక్కడివక్కడ పడుంటాయి. అందరి దగ్గరా అలాంటిది ఉంది, కానీ అందరూ వాయిస్తున్నారు. వాయించనిది హెన్నింగ్ ఒక్కడే. యంత్రం ఇంకా రెడీ కాలేదు కదా.

"హెన్నింగ్, నీ దగ్గర ఉందిగా?"

"ఉంది. అది సరిగ్గా మధ్యలో ఉంది. అదొక్కటి తప్ప ఏదన్నా అడుగు."

"ఏదన్నా వద్దు. నాకు అదే కావాలి."

"దాన్ని తీస్తే ఆ శబ్దం ఇక రాదు, స్వెన్యా."

ఆమె మొహంలో కోపం కన్నా బాధే ఎక్కువ కనిపించింది. "సరే. వెళ్లి దాని పక్కన కూర్చో. ఒంటరిగా ఉంటే బెంగ పెట్టుకుంటుందేమో."

అతను నిజంగానే వెళ్లిపోయాడు. డిపో వాళ్లు ట్రామ్ పట్టాలు కూడా సిగ్గుపడేలా తిట్టారు.

ఇంట్లో శబ్దం నడుస్తూనే ఉంది. హెన్నింగ్ కూర్చుని విన్నాడు. గంటలు ఆగే చోటు వచ్చింది. అతని చెవులు శబ్దాన్ని వదిలేసి స్వెన్యా ఊపిరి కోసం వెతుక్కున్నాయి. ఆ స్టూలు ఖాళీగా ఉంటే ఈ గోడతో తనకేం పని అనిపించింది. లేచి స్విచ్ ఆపేశాడు.

వానలో సైకిలు తొక్కుకుంటూ వచ్చి, చొక్కాలోంచి డబ్బీ తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"ఫోటో తీశావా?" అని గాభరాగా అడిగాడు డెట్లెఫ్. వైరు పీకే ముందు మేమంతా ఫోటోలు తీసుకుంటాం. సొంత పిల్లలకు కూడా అన్ని తీయం.

"లేదు."

"పోనీ రికార్డు?"

"లేదు. ఇక్కడ ఆలస్యమవుతుందని."

 వెనక ఒకాయన టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

స్వెన్యా డ్రాయరు మీదికి వంగి డబ్బీ బిగించసాగింది. ఎంతకీ తెమల్లేదు. జనం దగ్గడం మొదలెట్టాక గానీ వాయించలేదు. అద్భుతం అనను. మధ్యలో ఒకచోట కుక్క మొరిగినట్టు వచ్చింది. కానీ డిపో వాళ్లు బూట్లతో తాళం వేశారు. మా సభల్లో ఒకరి కాలు కదలడం నేను చూడ్డం అదే మొదలు.

అంతా అయ్యాక హెన్నింగ్ దగ్గరికొచ్చాడు.

"ఎందుకు తెచ్చావు?" అని అడిగింది.

"నువ్వంటే ప్రేమ కాబట్టి. ఇంకా బాగా చెప్పాలని దారంతా అనుకున్నాను. ఏమీ తట్టలేదు."

ఆమె తల వంచుకుని వైర్లు చుట్టసాగింది. హెన్నింగ్‌కు భయమేసింది. ఇక తన సామాను తను తీసుకుపోవడమే మర్యాద అనుకుని జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి డ్రాయరు మీదికి వంగాడు. వంగినవాడు అలాగే ఉండిపోయాడు.

డబ్బీకి నాలుగు మూలలా నాలుగు స్క్రూలు పడతాయి. మాలో ఎవరూ నాలుగూ బిగించం. వచ్చే వారం పీకి ఇంకోటి పెట్టేదే కదా అని రెండింటితో సరిపెడతాం. స్వెన్యా నాలుగూ బిగించింది.

"జనం అంతమంది ఎదురు చూస్తుంటే నాలుగూ బిగించావా?"

"అందుకేగా ఆలస్యమైంది."

"మరి ఇది తీయాలంటే..."

"తీయమని ఎవరన్నారు? మిగతా గోడ కూడా మా ఇంటికి తెచ్చుకో. పిల్లిని ముందు తీసుకురా."

స్క్రూడ్రైవర్ కిందపడింది. అది ఎటు దొర్లిందో వాళ్లిద్దరూ చూడలేదు. ఆ టోపీ ఆయన వాళ్ల వెనకే నిలబడి, డ్రాయరులో ఉన్న ఫిల్టర్ ఏ కంపెనీదని రెండుసార్లు అడిగాడు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి హెన్నింగ్‌కు తీరిక లేకపోవడం అదే మొదటిసారి.