వదిలేసిన పేజీలు

ప్రతి నెలా మొదటి శనివారం సాయంత్రం ఆరింటికి ఆ లైబ్రరీ పై హాల్లో ఎనిమిది మంది చేరేవారు. కొత్తగా వచ్చిన చారిత్రక నవలల్లో తలా ఒకటి చదివి వచ్చి, మిగతావాళ్ళకి రుచి చూపించాలి. ఒకరు కోటల కాలంతో వస్తే ఇంకొకరు తెరచాప ఓడల కాలంతో, మరొకరు మొన్నమొన్నటి యుద్ధంతో వచ్చేవారు. అందరికీ ఒకటే నియమం. చివరి పేజీదాకా చదవని పుస్తకం గురించి నోరెత్తకూడదు.

ఆ నియమం పెట్టింది లైబ్రేరియనే. దాన్ని గుట్టుగా తుంగలో తొక్కిందీ ఆవిడే. మొదట్లో అన్నీ చదివేది పాపం. తర్వాత ఇల్లు, పిల్లలు, ఉద్యోగం... మొదటి ఇరవై పేజీలూ, అట్ట వెనక నాలుగు ముక్కలూ చదివితే గొప్ప. మిగతాదంతా నోటి చలవ. "అక్క చెప్పిందంటే తిరుగులేదు" అంటూ ఎదురు కొట్టు టైలరు కుట్టుమిషను ఆపి మరీ వచ్చి పుస్తకం పట్టుకెళ్ళేవాడు.

గడియారాలు బాగుచేసే తాతగారు ఆ సమావేశాల్లో మాట్లాడేవారు కాదు, వినేవారు. ఒకరోజు మూడు లావుపాటి నోటుపుస్తకాలు తెచ్చి ఆవిడ బల్ల మీద పెట్టారు.

"పదకొండేళ్ళు రాశానమ్మా. ముందు నువ్వు చదువు. నువ్వు బాగుందంటేనే ఇంకొకళ్ళకి చూపిస్తాను."

అవి కింద గదిలో, పాత పుస్తకాల మధ్య నాలుగు నెలలున్నాయి. ఆవిడ అట్ట కూడా తెరవలేదు. ఆయన మొహమాటపడుతూ, ఒకే ఒక్కసారి అడిగారు. "చదివావా అమ్మా? ముగింపు ఎలా ఉంది?"

"చదవకపోవడమేంటి తాతగారూ! ముగింపు దగ్గర ఏడుపు ఆగలేదు."

ఆయన కాసేపు ఆవిడ మొహంలోకి చూశారు. "అలాగా" అన్నారు. మళ్ళీ సమావేశానికి రాలేదు. మూడు వారాలకి పోయారని తెలిసింది.

ఇవాళ పొద్దున ఆయన కూతురు ఫోన్ చేసింది. ఆసుపత్రిలో నర్సు. "అక్కా, సాయంత్రం సమావేశంలో నాన్న నవల గురించి చెబుతారా? నేనూ వస్తాను." ఆవిడ సరేనంది. కాదనడానికి నోరెలా వస్తుంది? పోయినాయనకి ఈ ఒక్క పనైనా సరిగ్గా చెయ్యకపోతే తనంత దగుల్బాజీ మనిషి ఉండదని, మూడింటికల్లా కింద గదిలోకి దిగింది.

బయట ముసురు. కిటికీ లేని గది కావడంతో పగలైనా లైటు వెయ్యాలి. చెమ్మ, చెదల మందు, పాత కాగితం కలిసిన వాసన ఆవిడకి అలవాటే. కుర్చీ లాక్కుని మొదటి నోటుపుస్తకం తెరిచింది. శత్రువులు చుట్టుముట్టిన కోట. అందులో ధాన్యం గది తాళంచెవి మొలకి కట్టుకుని కాపలా కాసే ముసలామె. కొడుకు కోట బయట ఉండిపోయాడు, ఉన్నాడో పోయాడో తెలియదు. రెండు పేజీలకే ఆవిడ ఒళ్ళు మరిచిపోయింది. ఇంత మంచి రాతని నాలుగు నెలలు చెమ్మలో పడేశాను కదా అని కుమిలిపోయింది.

గడియారం చూస్తే నాలుగున్నర. ఇంకా రెండు పుస్తకాలున్నాయి. అలవాటైన వేళ్ళు ఓ పది పేజీల్ని ఒక్కసారే తిప్పేశాయి.

బీరువాల వెనక కాగితం తిప్పిన చప్పుడైంది.

ఎలుక అనుకుంది. చదవబోయింది. అప్పుడు వినిపించింది... చాలా మెల్లగా, గొంతు పెగలనట్టు, ఎవరో చదువుతున్నారు. ముసలామె, తాళంచెవి, కోట బురుజు... ఆవిడ వదిలేసిన పేజీలు.

గదిలో గడియారాల నూనె వాసన.

ఆవిడ వెనక్కి తిప్పి, వదిలేసిన పేజీలు చదివింది. గొంతు ఆగింది. ఇంకోచోట ఒక్క పేరా దాటేసింది, కావాలని కాదు, కళ్ళే జారాయి. గొంతు మళ్ళీ మొదలైంది. ఈసారి దగ్గరగా... కుర్చీ వెనకే.

"క్షమించండి తాతగారూ" అంది.

ఆ తర్వాత ఒక్క అక్షరం వదల్లేదు. మూడో పుస్తకం సగంలో ముసలామె తాళం వేసి ఉన్న ధాన్యం గది ముందు కూర్చుని ఉంది. లోపలినుంచి ఎవరో తలుపు తట్టారు. అంతే. తర్వాతవన్నీ తెల్ల కాగితాలు. ఆ చివరి వాక్యం కింద చిన్న అక్షరాలతో ఇలా ఉంది: "ఇక్కడిదాకా చదివినవారు చెప్పండి. ముగింపు మీతో కూర్చుని రాస్తాను."

ఆవిడకి తల తీసేసినట్టయింది. లేని ముగింపుకి ఏడ్చానంది. ఆ పెద్దాయన "అలాగా" అని లేచి వెళ్ళిపోయారు.

చెవి పక్కనే, వెచ్చగా... "ముగింపు ఎలా ఉంది?"

పుస్తకాలు గుండెకి అదుముకుని మెట్లెక్కి పరిగెత్తింది.

హాల్లో అందరూ వచ్చేశారు. నిజం చెప్పేద్దామని, పరువు పోతే పోనీ అనుకుని లేచి నిలబడింది. ముందు వరుసలో కూర్చున్న నర్సు లేచి చేతులు పట్టుకుంది.

"చివర్లో ఏడ్చానన్నారట కదక్కా. పోయేముందు నాన్న ఆ మాటే పదేపదే అన్నారు."

ఆ పిల్ల కళ్ళు చూశాక ఆవిడకి నిజం గొంతు దాటలేదు. మూడో పుస్తకం కూతురి చేతిలో పెట్టి, కథ చెప్పడం మొదలుపెట్టింది. తలుపు తట్టిన చోటికి వచ్చి ఒక్క క్షణం ఆగింది. ఆపైన నోటికొచ్చింది అల్లేసింది. తట్టింది కొడుకే. నీటి తూములోంచి పాకి, ధాన్యం గదిలో తేలాడు. తల్లి తాళం తీసింది. చీకట్లో మొహం తడిమి గుర్తుపట్టింది. ఇద్దరూ తెల్లవార్లూ ఒకరినొకరు పట్టుకుని కూర్చున్నారు.

టైలరు కళ్ళు తుడుచుకున్నాడు. నర్సు మాత్రం వేలితో గీత వెంట గీత చూసుకుంటూ వస్తోంది. తెల్ల కాగితాల మీద ఏం చూస్తోందో ఆవిడకి అర్థం కాలేదు. వంగి చూసింది.

కాగితాలు తెల్లగా లేవు. పేజీ నిండా తాతగారి గుండ్రటి రాత.

"అక్షరం పొల్లుపోకుండా చెప్పారక్కా" అంది నర్సు. "కానీ ఆపేశారేంటి? ఇంకో పేజీ ఉందిగా."

"వద్దు" అంది లైబ్రేరియన్. "చదవకు."

నర్సు అప్పటికే పేజీ తిప్పింది. పెదాలు కదుపుతూ సగందాకా చదివింది. చదువుతూనే చటుక్కున తలెత్తి, లైబ్రేరియన్ మొలవైపు చూసింది. అక్కడ పాతకాలపు పెద్ద తాళంచెవి ఒకటి కట్టి ఉంది.

"అక్కా..." అంది, కుర్చీ వెనక్కి జరుపుకుంటూ. "ఆ తాళంచెవి మీ దగ్గరికెలా వచ్చింది?"